రెండు గంటల బ్యాచ్

నిరుటి ఎండాకాలం నేను రోజుకు నాలుగు బ్యాచ్‌లకు డేటాబేస్ పాఠం చెప్పేవాణ్ణి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఎక్కడెక్కడి పిల్లలో అమీర్‌పేటలో బస్సు దిగి, హాస్టల్లో ఒక మంచం సంపాదించుకుని, నా క్లాసులో వచ్చి కూర్చునేవాళ్లు. నాలుగేళ్ల డిగ్రీలో తలకెక్కనిది నలభై ఐదు రోజుల్లో ఎక్కిస్తానని నాకు పేరు. అంత పేరున్నవాడికి ఇంట్లో నాలుగేళ్ల బిడ్డను బాత్‌రూమ్‌లో కూర్చోబెట్టడం చేతకాలేదు.

మా పింకీ ఒంటికి వస్తే తనే చెప్పి పోయేది. రెంటికి మాత్రం డైపర్ కావాలి. తనే బీరువా కింది అరలోంచి ఒకటి తీసుకొచ్చి చేతికిచ్చేది. తొడిగితే హాల్లో కిటికీ పరదా వెనక్కి పోయి నిలబడేది. పరదా కింద రెండు పాదాలు మాత్రం కనబడేవి. కాసేపటికి "అయింది" అంటూ బయటికొచ్చేది. ఇంత వివరంగా తెలిసిన పిల్లకు ఇంకో నాలుగడుగులు వేసి బాత్‌రూమ్‌లోకి పోవడానికేం రోగం అని నాకు ఒళ్లు మండిపోయేది.

నా భార్య వనిత ల్యాబ్ టెక్నీషియన్. పింకీ పుట్టినప్పుడు మానేసి, జనవరిలో పంజగుట్టలో ఒక ల్యాబ్‌లో మళ్లీ చేరింది. పొద్దున ఎనిమిదిన్నరకు పోతే సాయంత్రం ఐదున్నరకు వచ్చేది. నాకు పొద్దున ఆరున్నరకు ఒక బ్యాచ్, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, సాయంత్రం రెండు. నడుమ పింకీ నా దగ్గర. పగటి అన్నం తినిపించి, ఇద్దరం తిని, తనను కింది పోర్షన్‌లో ఉండే మగ్దలీనమ్మకు అప్పగించి, ధరంకరం రోడ్డు మీద బండి పరిగెత్తించి రెండింటికి క్లాసులో పడేవాణ్ణి. ఆ ఎండకు రోడ్డు మీద కుక్కలు కూడా తిరిగేవి కావు.

ఏప్రిల్‌లో పింకీని ఎల్‌కేజీలో వేద్దామని పంజగుట్ట వైపు ఒక బడికి తీసుకుపోయాం. ప్రిన్సిపాల్ జెనీఫర్ మేడమ్ పింకీని రంగులడిగింది, అంకెలడిగింది. గడగడా చెప్పింది. మేడమ్ సంతోషపడి చివరన అడిగింది.

"పాప వాష్‌రూమ్‌కు తనే పోతదా సర్?"

"పోతది మేడమ్" అన్నాను. వనిత కాళ్ల వైపు చూసుకుంది.

సరిగ్గా అప్పుడే పింకీ నా చొక్కా పట్టి లాగింది. "డాడీ, కక్క. డైపర్ తెచ్చినవా?" అంటూ గదంతా కలియజూసి, మేడమ్ వెనక నీలిరంగు పరదా కనబడితే అటు నడిచింది.

జెనీఫర్ మేడమ్ నవ్వలేదు. "నలభై మంది పిల్లలకు ఇద్దరే ఆయాలు సర్ మాకు. జూన్ పన్నెండుకు బడి తెరుస్తం. అప్పటి వరకు నేర్పుండ్రి. లేకుంటే వచ్చే సంవత్సరం చూద్దం" అంది.

బయటికొచ్చాక వనిత ఆటోలో కూర్చుని మెల్లగా అంది. "మగ్దలీనమ్మ ఆంటీ జూన్‌ల కొడుకు దగ్గరికి పోతున్న అంటుంది. బడి సుత లేకుంటే నేను మానాలె గద."

"గంత దూరం ఎందుకు వస్తది? రెండు వారాలల్ల నేర్పిస్త. రోజుకు రెండొందల మందికి నేర్పుతున్న, దీనికి నేర్పలేనా?"

"సరే, నేర్పు" అంది వనిత. ఆ రెండు మాటల్లో ఎంత నమ్మకం ఉందో నాకు తెలుసు.

పాఠం చెప్పడంలో నాదొక పద్ధతి. వెనక్కి పోయే దారి మూసేస్తే మనిషి ముందుకే నడుస్తాడు. మర్నాడు పొద్దున చెత్త బండి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న డైపర్లన్నీ, సీలు తీయని ప్యాకెట్‌తో సహా పట్టుకుపోయి అందులో వేశాను. పింకీ బాల్కనీ ఊచలు పట్టుకుని చూసింది. బండి మలుపు తిరగ్గానే ఒక్కసారిగా ఏడుపందుకుంది.

"ఇగ నువ్వు పెద్దపిల్లవు. పెద్దపిల్లలు కమోడ్ మీద కూసుంటరు" అన్నాను.

"కూసోను."

కూర్చోలేదు. మొదటి రోజు లేదు, రెండో రోజు లేదు. బాతు ఆకారంలో ఉన్న పసుపుపచ్చ ప్లాస్టిక్ పాటీ కొన్నాను. దాంట్లో బొమ్మలు పెట్టి ఆడుకుంది. గోడ మీద కాగితం అంటించి, కూర్చున్న రోజుకు ఒక నక్షత్రం అన్నాను. నక్షత్రాలన్నీ చింపి చేతులకు అంటించుకుంది. చాక్లెట్ ఇస్తే తిని దిగిపోయింది. ఫోన్ ఇస్తే గంటసేపు కూర్చుంది, కాళ్లకు తిమ్మిరెక్కి ఏడ్చింది. మూడో రోజు సాయంత్రం ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకుని, కాలి మీద కాలు వేసి, మునివేళ్ల మీద లేచి, మొహం కందగడ్డలా చేసుకుని నిలబడింది. "పాపం, ముక్కుతుంది" అన్నాను నేను, ప్రయత్నిస్తోందనుకుని. ప్రయత్నమే. కాకపోతే రానివ్వకుండా చేసే ప్రయత్నమని నాకు అప్పుడు తెలియదు.

ఐదో రోజు వచ్చింది. హాలు నడిమధ్యలో, నిలబడే, వీధికి వినబడేలా అరుస్తూ. కడిగేటప్పుడు వనిత చేతికి నెత్తురు తగిలింది. కొంచెమే. ఆమె రోజంతా నెత్తురు చూసే మనిషి. అయినా చెయ్యి అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

"డైపర్లు తెద్దమా మహేశ్?"

"ఇప్పుడు తెస్తే చేసిందంత వేస్ట్. ఇంకొక్క వారం ఆగు."

ఆ వారంలో కొత్త సంగతి మొదలైంది. పింకీ చెడ్డీల్లో మరకలు. రోజుకు రెండు, మూడు, నాలుగు చెడ్డీలు. ఆడుకుంటూ ఉంటే వాసన వచ్చేది. "కక్క పోయినవా?" అంటే "లేదు" అనేది. కళ్లెదుట మరక కనబడుతుంటే లేదంటుంది! అబద్ధం కూడా నేర్చిందని నాకు మండిపోయేది. బాల్కనీ తీగ మీద వరసగా ఆరేసిన చిన్న చిన్న చెడ్డీలు చూసి ఎదురింటావిడ "ఎంతమంది పిల్లలు మీకు?" అని అడిగింది.

మే మొదటి వారంలో మా అమ్మ వజ్రమ్మ ఊరి నుంచి వచ్చింది. సంగతంతా విని, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"ఆరుగురిని కన్న, గన్ని దినాలు ఒక్కనికి సుత పట్టలే. కాళ్ల మీద కూసోబెట్టుకుంటే అదే పోతది."

అరుగు మీద కాళ్లు చాపుకుని, పాదాల మీద పసిపిల్లలను కూర్చోబెట్టుకోవడం మా ఊళ్లో అందరూ చేసే పనే. కానీ పింకీ పసిపిల్ల కాదు. నానమ్మ కాళ్ల మీద కూర్చుని కథలు చెప్పించుకుంది, పాటలు పాడించుకుంది, పని మాత్రం చేయలేదు. అమ్మకు రెండు రోజుల్లో ఓపిక అయిపోయింది. మూడో రోజు తమలపాకు కాడకు ఆముదం రాసుకుని వచ్చింది. బాత్‌రూమ్‌లో నేను పింకీ చేతులు పట్టుకున్నాను.

ఆ పది నిమిషాలు చెప్పను. పని అయితే అయింది. కానీ ఆ తర్వాత పింకీ బాత్‌రూమ్ గడప తొక్కనన్నది. స్నానం కూడా బాల్కనీలో బకెట్ పెట్టి చేయించాల్సి వచ్చింది. నానమ్మ దగ్గరికి వస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకునేది.

అది అమ్మకు కష్టమనిపించింది. సాయంత్రం వనిత వచ్చి ఇంకా బ్యాగు కూడా దించకముందే అందుకుంది.

"తల్లి ఇంట్ల ఉంటే గిట్లయితదా? పిల్లకు తల్లి పొద్దంత కానరాకపాయె. ఊరోళ్ల నెత్తురు పరీక్ష చేసుడేనా, బిడ్డ కడుపుల ఏముందో చూసుకునుడు లేదా?"

"అత్తమ్మా, నేను ఇంట్ల లేకున్నా ఆయన ఉంటుండు గద" అంది వనిత.

ఇద్దరూ నావైపు చూశారు. నేను అప్పుడు చెప్పవలసిన మాట ఒకటుంది. పింకీ పగలంతా నా దగ్గరే ఉంటోంది, ఇందులో తప్పేదైనా ఉంటే అది నాది. అంత తేలిక మాట. నేను చార్జర్ కోసం వెతుక్కున్నాను.

వనిత వంటింట్లోకి పోయింది. చపాతీ పిండి తడుపుతూ, వెనక్కి తిరగకుండానే అంది. "రేపు ల్యాబ్‌ల చెప్తున్న. జూన్ ఆఖరుకు మానేస్త."

"తొందరెందుకు..." అన్నాను.

నిజం చెప్పాలంటే నా గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఇక రోజూ ఈ చెడ్డీలు, ఈ వాసన, ఈ ఏడుపు నాకు ఉండవు. మళ్లీ ముందులాగే బతకవచ్చు. వనితకు ఆ ఉద్యోగమంటే ఎంత ఇష్టమో నాకు తెలియదనుకున్నారా? తెలుసు. మొదటి రోజు తెల్ల కోటు ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీసింది. పెళ్లయిన ఏడేళ్లలో ఆమె నోట రాగం వినడం నాకు అదే మొదలు. అంతా తెలిసే ఊరుకున్నాను.

అమ్మ నాలుగు రోజులుండి ఊరికి పోయింది.

మే ఇరవై దాటాక ఒక రోజు మగ్దలీనమ్మ చర్చిలో పిల్లల సెలవుల బడికి వంట చేయడానికి పోయింది. పింకీని వదిలే చోటు లేక నాతో పాటే క్లాసుకు తీసుకుపోయాను. మైత్రీవనం వెనక మూడో అంతస్తు. ఏసీ ఉంది గాని డెబ్బై మందికి సరిపోదు. మొదటి వరసలో దివ్యశ్రీ అని జనగామ అమ్మాయి పక్కన పింకీని కూర్చోబెట్టి, చేతికి క్రేయాన్లిచ్చి పాఠం మొదలుపెట్టాను.

అరగంటకు వాసన వచ్చింది. ముందు రెండో వరసలో ఒకడు ముక్కు రుద్దుకున్నాడు. తర్వాత ఎవరో కిటికీ తీశారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. పింకీ మాత్రం తలవంచుకుని ఏనుగుకు ఊదారంగు వేస్తోంది, ఏమీ ఎరగనట్టు.

మార్కర్ బల్ల మీద విసిరేసి, పింకీని చంకకెత్తుకుని బాత్‌రూమ్‌కు పోయాను. చెడ్డీ విప్పాను. "ఎందుకు చెప్పలే?" అన్నాను. "నేను పోలే డాడీ" అంది. మళ్లీ అదే అబద్ధం. కొట్టాను. తొడ మీద, గట్టిగా. నా నాలుగు వేళ్లూ తేలాయి.

పింకీ ఏడవలేదు. నల్లా తిప్పి, చెడ్డీ కింద పట్టి, తన రెండు చేతులతో రుద్దడం మొదలుపెట్టింది. సబ్బు అందక మునివేళ్ల మీద లేచింది. "ఇగ పోతది డాడీ, ఇగ పోతది" అంటోంది.

తలుపు దగ్గర దివ్యశ్రీ నీళ్ల సీసా, తన చున్నీ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"సార్, ఏమనుకోకుండ్రి. మా తమ్మునికి సుత గిట్లనే ఉండె. పాప పోతలేదు సార్, అదే కారుతది. వాళ్లకు తెల్వదు. మా అమ్మ సుత మస్తు కొట్టేది, తెల్వక" అంది. పింకీకి చున్నీ చుట్టింది. "ఎర్రమంజిల్‌ల ఒక డాక్టరమ్మ ఉంది సార్. పెద్దావిడ. జర కోపం ఎక్కువ."

మర్నాడు వనిత సెలవు పెట్టింది. ముగ్గురం పోయాం. డాక్టర్ స్వరాజ్యం గారికి అరవై దాటి ఉంటాయి. తెల్లజుట్టు, లావు కళ్లద్దాలు, బల్ల మీద స్టీలు గ్లాసులో మజ్జిగ. పింకీని పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేసి, నా చెయ్యి కూడా పట్టి అక్కడ పెట్టించారు.

"ఏముంది ఇక్కడ?"

ఎడమవైపు కింద, చర్మం లోపల, రాయిలాంటి గడ్డ తగిలింది.

"ఎన్నాళ్లుగానో పేరుకుపోయిన మలం అది. లోపల గట్టిపడి కూర్చుంది. దాని పక్కల నుంచి పలచటిది జారిపోతోంది. జారుతున్నట్టు పిల్లకు తెలియను కూడా తెలియదు. పోలేదంటే నిజంగానే పోలేదని అర్థం." కళ్లద్దాల మీంచి చూశారు. "ఏంటి, కొట్టారా?"

నేను తల వంచుకున్నాను. వనితకు ఆ సంగతి నేను చెప్పలేదు. ఆమె పింకీ గౌను కొంచెం పైకి తీసి తొడ చూసి, మళ్లీ కిందికి సర్దింది.

"మొదట ఎప్పుడు గట్టిగా పోయింది?"

"ఫిబ్రవరిల మేడమ్" అంది వనిత. "అంతకుముందు పగటి పూటే పోయేది. తర్వాత సాయంత్రం నేను వచ్చినంకనే డైపర్ అడుగుడు మొదలువెట్టింది. రోజు విడిచి రోజు. మస్తు నొస్తుందని ఏడిచేది."

డాక్టరమ్మ పింకీని లేపి కూర్చోబెట్టి, గొంతు మార్చి అడిగారు. "నీకు కక్క ఎప్పుడొస్తుంది బంగారం?"

"బువ్వ తిన్నంక."

"పొద్దున తిన్నాకా, మధ్యాహ్నం తిన్నాకా?"

"డాడీ తినిపిస్తడు గద, గప్పుడు."

"మరి అప్పుడేం చేస్తావ్?"

"ఆపుకుంట."

"ఎందుకమ్మా?"

పింకీ నావైపు చూసింది. భయంతో కాదు. పాఠం అప్పజెప్పే పిల్లలు టీచరు వైపు చూస్తారే, అలా.

"డాడీకి రెండింటికి బ్యాచ్ ఉంటది. డాడీ ఆపుకో అంటడు. నేను మంచిగ ఆపుకుంట."

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఫిబ్రవరి నుంచి ఎన్ని మధ్యాహ్నాలో. బండి తాళం వేలికి తిప్పుకుంటూ, దాని చేతిలోంచి డైపర్ లాక్కుని బీరువాలో పెడుతూ, ఇప్పుడు కాదు, ఆపుకో, మమ్మీ వచ్చినంక పో. డైపర్ తొడిగి, అది పరదా వెనక నిలబడి, తర్వాత కడిగి తుడిచేసరికి పావుగంట. ఆ పావుగంట నా దగ్గర లేదు. నేను దానికి ఏమీ నేర్పలేకపోయానని నెల రోజులుగా ఊరంతా చెప్పుకుంటున్నాను.

వనిత వంగి, కింద పడిన పింకీ చెప్పు తీసి కాలికి తొడిగింది.

డాక్టరమ్మ మందు రాశారు. నీళ్లలో కలిపే పొడి. మొదటి మూడు రోజులు ఎక్కువ, తర్వాత రోజుకో చెంచా. "డైపర్లు ఎవరు పారేశారు? మీరేనా? వెళ్లి కొనండి, ఇవాళే. ముందు దానికి నొప్పి లేకుండా పోవడం అలవాటవ్వాలి. ఎక్కడ పోతుందన్నది తర్వాత. డైపర్‌లోనే పోనివ్వండి. కొన్నాళ్లకు డైపర్ తొడిగే బాత్‌రూమ్‌లో నిలబెట్టండి. ఇంకొన్నాళ్లకు డైపర్‌తోనే కమోడ్ మీద కూర్చోబెట్టండి. కాళ్లు వేలాడకూడదు, కింద పీట వేయండి. అప్పుడు ఆ డైపర్‌కు కత్తెరతో చిన్న చిల్లు పెట్టండి. రోజూ కాస్త పెద్దది చెయ్యండి. అన్నం తిన్నాక పది నిమిషాలు. తిట్టడం లేదు, బతిమాలడం లేదు."

"ఎన్ని రోజులు పడుతది మేడమ్?"

"ఆరు నెలలు."

"జూన్ పన్నెండుకు బడి మేడమ్!"

"జూన్ పన్నెండని దాని పేగులకు చెప్పావా?" అన్నారు ఆవిడ. బడికి చూపించమని ఉత్తరం కూడా రాసిచ్చారు.

ఇంటికి వచ్చాక మా ఇన్‌స్టిట్యూట్ నడిపే హనుమాండ్లు సార్‌కు ఫోన్ చేశాను. రెండింటి బ్యాచ్ నేను చెప్పనన్నాను.

"పిచ్చి లేసిందా అన్నా? ఎండాకాలం గా బ్యాచే మస్తు నడుస్తది. ఎప్పటి సంది?"

నోటిదాకా "జూన్ నుంచి" అని వచ్చింది. "రేపటి సంది" అన్నాను.

"ప్రేమ్ సాగర్‌కు ఇస్త మరి. మళ్లా అడిగితే రాదు."

"ఇయ్యి అన్నా."

వనిత వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. విన్నది. కోస్తూనే ఉంది. కాసేపటికి "మందు కొనుక్కరాపో, దుకాణం మూస్తడు" అంది. మా మధ్య ఆ రోజు నడిచిన మాటలు అంతే.

డైపర్ల ప్యాకెట్ చూసి పింకీ దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని మంచమెక్కింది. మందు వేసిన మొదటి మూడు రోజులు మా ఇల్లు ఎలా ఉందో చెప్పను. నాలుగో రోజు పొట్ట మీద చెయ్యి వేస్తే మెత్తగా తగిలింది. వారం తర్వాత పరదా వెనక నుంచి బయటికొచ్చి, ఆశ్చర్యంగా "నొయ్యలే డాడీ" అంది.

అంతటితో తేలిపోయిందనుకునేరు. బాత్‌రూమ్ గడప లోపల నిలబడడానికి తొమ్మిది రోజులు పట్టింది. మూత వేసిన కమోడ్ మీద డైపర్‌తో కూర్చోవడానికి ఇంకో వారం. నడుమ ఒకసారి ఎవరో బయట తలుపు ధడాలున వేశారు, అంతే, మళ్లీ పరదా వెనక్కి. నాకు పళ్లు కొరుక్కుని కొరుక్కుని దవడలు నొప్పి పుట్టాయి. తిట్టకూడదు, బతిమాలకూడదు. మరి ఏం చేయాలి మనిషి? బకెట్ బోర్లించుకుని బాత్‌రూమ్ బయట కూర్చునేవాణ్ణి. సీలింగు మీద బల్లుల్ని లెక్కపెట్టేవాణ్ణి. ఒకటే ఉండేది.

జూన్ పన్నెండు రానే వచ్చింది. ఉత్తరం తీసుకుని జెనీఫర్ మేడమ్ దగ్గరికి పోయాను. ఆమె రెండుసార్లు చదివింది.

"అబద్ధం చెప్పినరు గద సర్ మొన్న."

"చెప్పిన మేడమ్."

"సగం పూట పంపుండ్రి. పన్నెండింటికి మీరే వచ్చి తీస్కపోవాలె. ఒక్క నిమిషం లేటయినా ఊకోను."

రోజూ పన్నెండింటికి పది నిమిషాల ముందే గేటు దగ్గర నిలబడేవాణ్ణి. నాలుగో రోజు సాయంత్రం వనిత చెప్పులు విప్పుతూ, ఏదో గుర్తొచ్చినట్టు అంది. "ల్యాబ్‌ల చెప్పిన. మానుతలేనని."

"ఏమన్నరు?"

"మంచిదన్నరు." లోపలికి పోబోతూ ఆగింది. "నేను మానేస్త అన్ననాడు నువ్వు ఆపుతవేమో అనుకున్న."

"ఆపలే" అన్నాను.

"ఆపలే" అంది ఆమె కూడా. అంతే. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ అలాగే ఉంది. కోపం తగ్గింది గాని అది పోలేదు. పోవాలని నేను అడగలేదు.

తర్వాత కత్తెర పని మొదలైంది. మొదటి రోజు డైపర్‌కు వేలు దూరేంత చిల్లు. పింకీ చిల్లులోంచి నన్ను చూసి నవ్వింది, తొడుక్కుంది, కూర్చుంది. మర్నాడు ఇంకొంచెం. జూన్ నెలాఖరుకు అది డైపర్‌గా మిగలలేదు. నడుం చుట్టూ పట్టీ, అటూ ఇటూ రెండు పీలికలు. అయినా ఆ పట్టీ లేకుండా కూర్చునేది కాదు. రోజూ అన్నం తిన్నాక కొత్త డైపర్ తీసి, శ్రద్ధగా సగానికి పైగా కోసేసి, మిగిలిన దాన్ని బిడ్డకు తొడిగేవాణ్ణి. నా చదువుకు, నా అనుభవానికి తగిన పనే.

జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం బాగా వాన పట్టింది. పప్పుచారు, అన్నం తిన్నాం. కత్తెర తీశాను. పింకీ నా చేతిలోని పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"డాడీ, గిదెందుకు? ఉట్టిగనే ఉంది గద."

"నీ ఇష్టం" అని కత్తెర పక్కన పెట్టాను.

పట్టీ నేల మీద పారేసి, తనే పీట ఎక్కి, కమోడ్ మీద కూర్చుంది. రెండు పాదాలూ పీట మీద ఆనించింది. "నువ్వు అవుతలికి పో. తలుపు దగ్గరికెయ్యి. మొత్తం వెయ్యకు."

తలుపు దగ్గరికి వేసి బకెట్ మీద కూర్చున్నాను. లోపల ఏదో పాట, బడిలో నేర్పిందేమో. తర్వాత పాట ఆగింది. కిటికీ మీద వాన చప్పుడు. నీళ్లలో చిన్న చప్పుడయింది.

"డాడీ! పడ్డది! నీళ్లల్ల పడ్డది! మమ్మీకి చెప్పు!"

వనితకు ఫోన్ చేశాను. పని వేళలో ఆమె ఎత్తదు. ఎత్తింది.

"ఏమైంది? పింకీకి ఏమైంది?"

"కూసుంది. కమోడ్ మీద. ఉట్టిగనే. పోయింది."

"గట్టిగనా, మెత్తగనా?"

"మెత్తగ. ఏడువలే. పాట పాడుకుంట పోయింది."

"ఒక్క నిమిషం" అంది. ఫోన్ బల్ల మీద పెట్టినట్టుంది. చీదిన చప్పుడు వినబడింది. ఎవరో పెద్దాయన, చేతికి రబ్బరు పట్టీ కట్టించుకుని కూర్చున్నాడేమో, "క్యా హువా బేటీ? ఏమైందమ్మా, ఏడుస్తున్నవెందుకు?" అని అడుగుతున్నాడు. "ఏం లేదు తాతా. మా బిడ్డ..." అంటూ వనిత, వెంటనే మాట దొరక్క, ఉన్నదున్నట్టు చెప్పేసింది. గదిలో ఇంకెవరో నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కూతురికి ర్యాంకు వచ్చిందని విన్నవాడిలా గట్టిగా, "ముబారక్ హో బేటీ, ముబారక్! షుక్కర్వారం నాడు మంచి కబురు చెప్పినవ్" అన్నాడు.

వనిత నవ్వుతోంది. ఏడుస్తూనే నవ్వుతోంది. నేను ఫోన్ చెవికి పెట్టుకుని వింటూ ఉండిపోయాను.

లోపల నుంచి పింకీకి విసుగొచ్చింది.

"డాడీ! ఎంతసేపు? కడుగు రా!"